గ్రౌండ్‌లో పరుగు పెట్టించే ముందు కుర్రాళ్ల గుండెకు ఏ పరీక్షలు చేయించాలి?

పటమట_పీఈటీ

అందరికీ నమస్కారం. విజయవాడలో ఉదయం 5 నుంచి 7 దాకా ఒక గ్రౌండ్‌లో రెండు బ్యాచ్‌లకు శిక్షణ ఇస్తున్నాను. మొదటిది కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకు తయారయ్యేవాళ్లు. 19 నుంచి 26 ఏళ్ల మధ్య 38 మంది ఉన్నారు, అందులో అమ్మాయిలు 11 మంది. రెండోది హైస్కూలు కబడ్డీ పిల్లలు, 13 నుంచి 16 ఏళ్లవాళ్లు 22 మంది. పెద్ద బ్యాచ్‌లో సగం మంది రెండు మూడేళ్లు రెసిడెన్షియల్ కాలేజీల్లో కుర్చీలోంచి కదలకుండా చదివి వచ్చినవాళ్లే.

అడగాల్సినవి నాలుగున్నాయి. అందరికీ ఈసీజీ తీయించాలా? టూడీ ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ టెస్ట్ (పరిగెత్తిస్తూ తీసే ఈసీజీ) కూడా కావాలని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు, అవి అవసరమా? ఇద్దరు కుర్రాళ్లు సొంతంగా ఈసీజీ తీయించుకుంటే ఒక రిపోర్టులో 'సైనస్ బ్రాడీకార్డియా' (గుండె నెమ్మదిగా కొట్టుకోవడం), ఇంకోదాంట్లో 'లెఫ్ట్ వెంట్రిక్యులర్ హైపర్‌ట్రోఫీ' (గుండె ఎడమ కిందిగది గోడ మందమవడం) అని వచ్చింది. ఇళ్లలో కంగారుపడి పరుగు మాన్పించారు. మూడోది, ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే 'ఏమీ తినకుండా వచ్చాడు, నీరసం' అని గ్లూకోజ్ నీళ్లు తాగించడం మా గ్రౌండ్‌లో అలవాటు. ఎప్పుడు అంతటితో వదిలేయొచ్చు, ఎప్పుడు వదలకూడదు? చివరగా, నిజంగానే గుండె ఆగితే 108 వచ్చేలోపు మేం ఏం చేయాలి?

గుండెచప్పుడు

మాస్టారూ, మీ మూడో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

పరిగెత్తుతుండగా పడిపోవడం, పరుగు ఆగాక పడిపోవడం ఒకటి కాదు. గీత దాటి, నడుం మీద చేతులు పెట్టుకుని కదలకుండా నిలబడ్డవాడికి అర నిమిషం, నిమిషంలో కళ్లు బైర్లు కమ్మాయంటే చాలావరకు రక్తం కాళ్లలో నిలిచిపోవడమే కారణం. పరిగెత్తేటప్పుడు పిక్కలు పంపులా రక్తాన్ని పైకి తోస్తుంటాయి. కాలు ఆగితే ఆ పంపు కూడా ఆగుతుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే తేరుకుంటాడు. అదే మూడో రౌండ్ మధ్యలో, కాలు ఇంకా కదులుతుండగానే తెగిన చెట్టులా ముందుకు పడ్డాడనుకోండి, నిమిషంలో లేచి 'ఏం కాలేదు సార్' అన్నా సరే, ఆ రోజు నుంచి పరుగు బంద్. కార్డియాలజిస్టు చూసి సరే అనేవరకు గ్రౌండ్‌లోకి రానివ్వకండి. తిన్నాడా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. ఈ వయసులో గుండె జబ్బు ముందస్తుగా ఇచ్చే హెచ్చరిక చాలాసార్లు ఇదొక్కటే.

35 దాటినవాళ్లకు ఆటలో గుండె ఆగితే ఎక్కువగా రక్తనాళాల్లో పూడికలే కారణం. మీ పిల్లల వయసులో కారణాలు వేరు. గుండె కండరం పుట్టుకతో వచ్చిన జన్యుదోషం వల్ల మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ఒకటి. ఇది దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. గుండెకు రక్తం ఇచ్చే ధమని పుట్టుకతోనే తప్పు చోట మొదలవడం, వైరల్ జ్వరం తర్వాత గుండె కండరం వాయడం, లాంగ్ క్యూటీ (ప్రతి కొట్టుకు తర్వాత గుండె విద్యుత్ పరంగా తేరుకోవడం ఆలస్యమయ్యే జబ్బు) లాంటి విద్యుత్ లోపాలు మిగతావి. మన దగ్గర రుమాటిక్ కవాట జబ్బును కూడా మరిచిపోకూడదు. విదేశీ పట్టికల్లో దానికి పెద్దగా చోటుండదు, మన పిల్లల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది.

పరీక్షల కన్నా ముందు ఒక కాగితం మీద ప్రశ్నలు రాసి ఇంటికి పంపండి. కుర్రాణ్ని అడిగితే 'ఏమీ లేదు' అంటాడు, తీసేస్తారని భయం. అమ్మను, వీలైతే అమ్మమ్మనో నాయనమ్మనో అడగాలి. ఆడుతూ, పరిగెత్తుతూ ఎప్పుడైనా స్పృహ తప్పిందా? పరుగులో ఛాతీ పట్టేసినట్టు, బరువు పెట్టినట్టు ఉంటుందా? తోటివాళ్ల కన్నా బాగా ముందే ఆయాసం వస్తుందా? కూర్చున్నచోటే గుండెదడ వచ్చి టక్కున ఆగిపోతుందా? గుండెలో శబ్దం ఉందని, బీపీ ఉందని ఏ డాక్టరైనా అన్నారా? చిన్నప్పుడు జ్వరంతో పాటు కీళ్లు వాచి, 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వాడి మధ్యలో మానేశారా?

కుటుంబం గురించి అడిగేటప్పుడు 'ఇంట్లో గుండె జబ్బులున్నాయా' అంటే బీపీ, స్టెంట్లు చెప్పి ఊరుకుంటారు. '50 ఏళ్లలోపు హఠాత్తుగా ఎవరైనా పోయారా' అని అడగండి. నిద్రలో పోయినవాళ్లు, ఒంటరిగా బండి మీద వెళ్తూ ఏదీ తగలకుండానే పడిపోయినవాళ్లు, బాగా ఈత వచ్చి కూడా కాలువలో మునిగిపోయినవాళ్లు ఉన్నారేమో చూడాలి. మూడు కాలువలు పారే ఊళ్లో ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఒక రకం లాంగ్ క్యూటీలో ఈత కొడుతున్నప్పుడే గుండె లయ తప్పుతుంది, ఇంట్లోవాళ్లు మాత్రం సుడిలో పడ్డాడనుకుంటారు. మందులు వాడినా తగ్గని ఫిట్స్ ఉన్నవాళ్లకు ఒక్కసారైనా ఈసీజీ తీయాలి. మేనరికపు సంబంధంలో పుట్టుచెవుడుతో పుట్టిన పిల్లలకూ అంతే. చెవుడు, లాంగ్ క్యూటీ కలిసి వచ్చే జబ్బు ఒకటుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే అది బయటపడుతుంది.

తర్వాత డాక్టర్ ఒకసారి చేత్తో చూడాలి. బీపీ, తొడ మొదట్లో నాడి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి గుండె చప్పుడు. మామూలు శబ్దాలు నిలబడితే తగ్గుతాయి. కండరం మందమై దారి ఇరుకైనప్పుడు వచ్చే శబ్దం నిలబడితే పెరుగుతుంది. మనిషికి రెండు నిమిషాల పని.

ఈసీజీ అందరికీ కావాలా అన్నదానిపై దేశాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. ఇటలీ 1982లో పోటీ క్రీడాకారులందరికీ ఈసీజీతో సహా పరీక్ష తప్పనిసరి చేసింది. అక్కడి వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలు ఏటా లక్షకు 3.6 ఉండేవి, 2004 నాటికి 0.4కు తగ్గాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మాత్రం 14 అంశాల ప్రశ్నావళి, శారీరక పరీక్ష చాలంటుంది. ఈసీజీని తప్పనిసరి చేయమనదు. నా మాట అడిగితే 60 మందే కాబట్టి ఒక్కసారి అందరికీ తీయించండి. చూసేవాళ్లు మాత్రం క్రీడాకారుల ఈసీజీ తెలిసినవాళ్లై ఉండాలి. ఎకో అందరికీ అక్కర్లేదు. ప్రశ్నల్లోనో శబ్దంలోనో ఈసీజీలోనో తేడా వచ్చినవాళ్లకే. ఏ లక్షణమూ లేని 20 ఏళ్లవాడికి ట్రెడ్‌మిల్ టెస్ట్ వల్ల ఒరిగేది లేదు. పరుగులోనే లక్షణాలు వచ్చేవాడికైతే అది చాలా అవసరం, ఎందుకంటే శ్రమలో మాత్రమే బయటపడే లయదోషాల్లో మామూలు ఈసీజీ శుభ్రంగా ఉంటుంది. తప్పు చోట మొదలైన ధమని కూడా ఈసీజీలో దొరకదు. ఈసీజీ నార్మల్ వచ్చినా ప్రశ్నల కాగితాన్ని పక్కన పడేయొద్దనేది ఇందుకే.

ఈసీజీ_గది_గుంటూరు

ఆ ఇద్దరి రిపోర్టుల గురించి రాస్తాను. పైన అచ్చయ్యే ఇంగ్లిషు మాటలు మిషను సొంతంగా వేసుకునేవి. పరిగెత్తే అలవాటున్న కుర్రాడికి విశ్రాంతిలో గుండె నిమిషానికి 45 సార్లు కొట్టుకోవడం శిక్షణ వల్ల వచ్చే మార్పే. సన్నగా ఉన్నవాడికి ఛాతీ గోడ పల్చగా ఉండి గీతలు ఎత్తుగా పడతాయి. మిషను ఎత్తు చూసి 'హైపర్‌ట్రోఫీ' అనేస్తుంది. ఎత్తు ఒక్కటే ఉండి వేరే తేడా లేకపోతే 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అది క్రీడాకారుడికి నార్మల్ కిందే లెక్క. పీఆర్ దూరం (గుండె పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్ చేరే సమయం) 200 మిల్లీసెకన్లు దాటడం, అసంపూర్ణ రైట్ బండిల్ బ్లాక్ (కుడివైపు విద్యుత్ దారిలో కొంత ఆలస్యం) కూడా అంతే. 16 ఏళ్లలోపు పిల్లలకు వీ1 నుంచి వీ3 వరకు (ఛాతీ మీద అంటించే ఆరు లీడ్లలో మొదటి మూడు) టీ తరంగం (ప్రతి కొట్టుకు చివర వచ్చే గీత) తిరగబడి ఉన్నా కంగారు పడక్కర్లేదు.

వదలకూడనివి వేరే ఉన్నాయి. వీ5, వీ6లో టీ తిరగబడటం, టీకి ముందుండే ఎస్‌టీ గీత కిందికి దిగడం, లెఫ్ట్ బండిల్ బ్లాక్ (ఎడమవైపు విద్యుత్ దారిలో అడ్డు), క్యూఆర్ఎస్ (కిందిగదుల్లో విద్యుత్ పాకేటప్పుడు పడే పొడుగు గీత) వెడల్పు 140 మిల్లీసెకన్లకు చేరడం, పీఆర్ 120 కన్నా తగ్గి క్యూఆర్ఎస్ మొదట్లో ఏటవాలు డెల్టా తరంగం కనబడటం, గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ (క్యూఆర్ఎస్ మొదలు నుంచి టీ చివర వరకు సమయం) మగవాళ్లకు 470, ఆడవాళ్లకు 480 మిల్లీసెకన్లు చేరడం. వీటిలో ఒక్కటున్నా కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. క్యూటీని మిషను అంకెతో వదిలేయకుండా లీడ్ రెండులోనో వీ5లోనో చేత్తో కొలిపించండి.

ఇంతకన్నా పెద్ద బాధ ఈసీజీ తీసే పద్ధతితోనే. క్యాంపుల్లో తొందరలో వీ1, వీ2లను కంటిచూపుతో అంటించేస్తారు, అవి ఒకటి రెండు పక్కటెముకల సందులు పైకి పోతాయి. అప్పుడు లేని బండిల్ బ్లాక్, లేని టీ మార్పులు, ఒక్కోసారి బ్రుగాడా (గుండె లయ తప్పించే జన్యు జబ్బు) లాంటి ఆకారం కూడా కాగితం మీదికి వస్తాయి. సరైన పద్ధతి ఇది. గొంతు గుంట నుంచి వేలిని కిందికి జార్చితే రొమ్ము ఎముక మీద చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కన ఉండేది రెండో పక్కటెముక, దాని కింద రెండో సందు. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ నాలుగో సందుకు వచ్చి ఎముకకు కుడిపక్క వీ1, ఎడమపక్క వీ2. ఐదో సందులో కాలర్‌బోన్ నడిమి నుంచి దిగే గీత మీద వీ4. వీ3 వీ2, వీ4ల మధ్య. వీ5, వీ6 వీ4తో సమానమైన మట్టంలో, పక్కటెముకతో పాటు పైకి ఎక్కకుండా. లీడ్ ఒకటిలో అన్నీ తలకిందులుగా ఉంటే ముందు రెండు చేతుల క్లిప్పులు మారాయేమో చూడాలి.

గ్రౌండ్ నుంచి చెమటతో నేరుగా తీసుకురాకండి. కనీసం అరగంట కూర్చోబెట్టి, చెమట తుడిచి, 5 నిమిషాలు పడుకోబెట్టాకే తీయాలి. గుండె వేగం 90 దాటి ఉంటే క్యూటీ లెక్క నమ్మకంగా రాదు. అమ్మాయిలకు తెర, ఆడ టెక్నీషియన్ తప్పనిసరి. అవి లేకపోతే చున్నీ సర్దుకుంటూ కదులుతారు, లీడ్లు వంకర్లు పోతాయి, ఆ ఈసీజీ తీసినా తీయనట్టే. మొబైల్‌లో ఫొటో పంపడం కన్నా అసలు కాగితం దాచండి, వచ్చే ఏడాది పోల్చుకోవాలి.

ప్రథమచికిత్స_శిక్షణ

నాలుగో ప్రశ్నకు నేను రాస్తాను. ఎన్ని పరీక్షలు చేసినా కొన్ని తప్పించుకుంటాయి. డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఏటా పరీక్షలు జరిగే స్థాయి ఫుట్‌బాలర్. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో మ్యాచ్ 43వ నిమిషంలో కుప్పకూలాడు. మైదానంలోనే ఛాతీ నొక్కి, షాక్ ఇవ్వడం వల్ల బతికాడు. ఒంట్లో ఐసీడీ (గుండె లయ తప్పితే తనంతట తానే షాక్ ఇచ్చే చిన్న పరికరం) పెట్టించుకుని 2022లో మళ్లీ ఆడాడు.

ఎవరూ ఢీకొనకుండా ఆటగాడు పడి, పిలిస్తే పలకకపోతే గుండె ఆగినట్టే అనుకుని మొదలుపెట్టండి. మన జనం మోసపోయేది రెండు చోట్ల. ఒకటి, గట్టున పడ్డ చేపలా నోరు అప్పుడప్పుడూ తెరుచుకుంటుంది, గురకలాంటి చప్పుడు వస్తుంది. అది ఊపిరి కాదు. రెండు, మొదటి కొన్ని సెకన్లు చేతులు కాళ్లు కొట్టుకుంటాయి. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, లేపి కూర్చోబెట్టి నీళ్లు పోయడం మొదలవుతుంది. అప్పటికే రెండు నిమిషాలు పోతాయి. షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. స్పృహలేనివాడి నాలుక కింద సార్బిట్రేట్ (గుండెనొప్పికి వాడే మాత్ర) పెట్టకండి. కండరం మందమైన గుండెకు ఆ మాత్ర ఇంకా చేటు.

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. లాంగ్‌జంప్ గుంటలో పడితే ముందు ఇసుకలోంచి లాగండి, ఇసుక కిందికి కుంగి నొక్కిన బలమంతా వృథా అవుతుంది. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి, మోచేతులు నిటారుగా. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కాక ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిపోయినవాడు తెలియకుండానే ఛాతీ మీద ఆనుకుంటాడు, గుండెలోకి రక్తం నిండదు. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. నేర్చుకున్నవాళ్లు 30 నొక్కులకు 2 ఊపిరులు ఇవ్వాలి, రానివాళ్లు ఆపకుండా నొక్కుతూ ఉంటే చాలు. ఆటోలో వేసుకుని పరిగెత్తకండి. ఆటో వెనక సీట్లో ఛాతీ నొక్కడం కుదరదు, ఆసుపత్రి ఒకటిన్నర కిలోమీటరే అయినా సరే.

స్కూలు, దాతలు కలిస్తే ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే పెట్టె) ఒకటి కొనండి. లక్ష రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. అది మాటలతో దారి చూపిస్తుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. ఒక ప్యాడ్ కుడి కాలర్‌బోన్ కింద, రెండోది ఎడమ చంక కిందుగా పక్కటెముకల మీద. మన వాతావరణంలో చెమట తుడవకపోతే ప్యాడ్ అతుక్కోదు, పెట్టెలో పొడి తువ్వాలు, రేజర్ ఉంచండి. అమ్మాయి అయితే మొహమాటపడి ఆగకండి, చుట్టూ ఆడపిల్లలు చున్నీలు అడ్డుపెట్టి నిలబడితే బట్ట కత్తిరించి అంటించవచ్చు. ఎండలో నిలబెట్టిన కారులో ఏఈడీని ఉంచొద్దు, చాలా మోడళ్లకు 50 డిగ్రీలే హద్దు. ప్యాడ్ల గడువు, బ్యాటరీ దీపం నెలకోసారి చూడాలి.

కబడ్డీలో మోకాలు, క్రికెట్‌లో లెదర్ బంతి సరిగ్గా గుండె మీద తగిలి ఆరోగ్యవంతుడి గుండె కూడా ఆగిపోవచ్చు. దానికీ చికిత్స ఇదే.

బీఆర్‌స్టేడియం_ట్రాక్

పైవాళ్లు చెప్పనివి రెండు: ఎండ, జ్వరం.

కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుంది గానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఏసీ గదుల్లోంచి వచ్చిన పిల్లలకు ఎండ అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రెండు వారాలు దూరం, వేగం సగానికి మించనివ్వకండి. కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్లకు ఉండే 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే 400 మీటర్ల రౌండ్ 2 నిమిషాలు. మొదటి రోజే గడియారం పట్టుకుని అది రాబట్టాలనుకోవద్దు. మొదటి మూడు వారాలు పరిగెత్తుతూ ఒక వాక్యం మాట్లాడగలిగేంత వేగమే ఉండాలి. చివరి రౌండ్ తర్వాత ఎవరినీ కూర్చోనివ్వక, నిలబడనివ్వక 5 నిమిషాలు నడిపించండి. గుండెచప్పుడు గారు చెప్పిన, పరుగు ఆగాక పడిపోవడాలు దీంతోనే చాలావరకు తగ్గుతాయి.

పడినవాడికి ఊపిరి ఆడుతూ, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది వడదెబ్బ. లోపలి ఉష్ణోగ్రత 40 దాటి ఉంటుంది. ఆసుపత్రికి పరుగు తర్వాత, చల్లబరచడం ముందు. నీళ్ల తొట్టిలో ఐసు వేసి, తల పైకి పట్టుకుని, మెడ దాకా ముంచాలి. తొట్టి లేకపోతే బకెట్లతో ఆపకుండా పోస్తూ విసరాలి. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో మజ్జిగ, నీళ్లు పోయకండి. మామూలు రోజుల్లో ఉప్పు మజ్జిగకు మించింది లేదు.

జ్వరం ఉన్నప్పుడు, ఒళ్లునొప్పులు ఉన్నప్పుడు పరుగు వద్దే వద్దు. వానాకాలం వైరల్ జ్వరాలు, డెంగీ గుండె కండరం కూడా వాచేలా చేయగలవు. జ్వరం తగ్గాక వారం పది రోజులు నడకతో మొదలుపెట్టించండి. అప్పుడు ఛాతీ నొప్పి, అంతకుముందు లేని ఆయాసం, దడ ఉంటే ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందా అని చూసే రక్తపరీక్ష), ఎకో చేయించాలి. కండరం వాపు అని తేలితే సాధారణంగా 3 నుంచి 6 నెలలు ఆట మానాలి. సెలెక్షన్ వచ్చే నెలే అన్నా సరే. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్, డోంపెరిడాన్ లాంటివి క్యూటీని పొడిగిస్తాయి. ఊళ్లో జ్వరానికి ఈ రెండు మూడు కలిపి ఇచ్చేస్తుంటారు, ఆ మాత్రలు మింగుతూ ట్రాక్ మీదికి వచ్చినవాణ్ని వెనక్కి పంపండి.

జిమ్‌లలో అమ్మే ప్రీవర్కౌట్ పొడుల్లో ఒక చెంచాకే 200, 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పెద్దవాళ్లకే రోజంతా కలిపి 400 హద్దు. కబడ్డీలో బరువు తగ్గడానికి మూత్రం మాత్రలు వేసుకోవడం దానికన్నా ప్రమాదం. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. బరువు చూసే రోజు పిల్లల సంచులు మీరే తనిఖీ చేయండి. అమ్మాయిల్లో త్వరగా ఆయాసం వస్తుంటే ముందు హిమోగ్లోబిన్ చూడండి, 12 కన్నా తక్కువుంటే రక్తహీనత.

పటమట_పీఈటీ

అందరికీ చాలా కృతజ్ఞతలు. ప్రశ్నల కాగితం తెలుగులో రాసి రేపే ఇళ్లకు పంపుతున్నాను. ఆ ఇద్దరు కుర్రాళ్ల ఈసీజీ కాగితాలు పట్టుకుని కార్డియాలజీ ఓపీకి నేనే వెంట వెళ్తాను. ఒక్క సందేహం. ఛాతీ నొక్కడం 60 మందికీ నేర్పాలా, నలుగురికి నేర్పితే సరిపోతుందా?

ప్రథమచికిత్స_శిక్షణ

60 మందికీ నేర్పండి మాస్టారూ. ఆ నలుగురిలో ఒకడే పడిపోవచ్చు, మిగతా ముగ్గురు ఆ రోజు రాకపోవచ్చు. 13 ఏళ్లవాడికి కూడా సరిపడా బలం ఉంటుంది. తర్వాత నెలకోసారి చెప్పకుండా విజిల్ ఊది, బొమ్మను ట్రాక్‌కు అవతలి మూల పడేసి గడియారం చూడండి. మొదటి నొక్కుకు ఎన్ని సెకన్లు, ఏఈడీ పెట్టె రావడానికి ఎంతసేపు, 108కి ఎవరు ఫోన్ చేసి గుర్తులు సరిగ్గా చెప్పారు, అన్నీ రాసుకోండి. పడ్డప్పటి నుంచి షాక్ వరకు 3 నిమిషాలు దాటకూడదు.

ఇంకోటి. ఉదయం 5 గంటలకు చాలా గ్రౌండ్లలో పిల్లలు వచ్చే చిన్న గేటు మాత్రమే తెరిచి ఉంటుంది. అంబులెన్సు పట్టే పెద్ద గేటు తాళం వాచ్‌మన్ ఇంట్లో ఉంటుంది. మీ దగ్గర అది ఎవరి దగ్గరుందో రేపు కనుక్కుని, నకలు తాళం ఒకటి ఏఈడీ పెట్టెలోనే కట్టి ఉంచండి.